తూముతో సహా తరలే మడి

"ఫ్లాప్ చెయ్యాల్సి ఉంటుంది" అన్నాడు డాక్టరు. మా చిన్నమ్మ అక్కడే కూలబడింది. "కొయ్యకముందే ఫ్లాప్ అంటుండేందిరా ఈ సారు?" అని నా చెయ్యి పట్టుకుని ఏడుపు. తప్పు ఆమెది కాదు. మనకు తెలిసిన ఫ్లాప్ ఒక్కటే: శుక్రవారం విడుదలై సోమవారానికి థియేటర్ ఖాళీ అయ్యే సినిమా. ఇంగ్లీషులో ఆ మాటా ఈ మాటా వేరు. మనం రాసేటప్పుడు, పలికేటప్పుడు రెండూ ఒకటైపోయాయి. సర్జన్లు ఫ్లాప్ అనేది కవరు మూత లాంటి దాన్ని. ఒక వైపు అంటుకుని ఉండి మిగతా మూడు వైపులా లేచే రేకు. ఆ రోజు ఈ సంగతి నాకూ తెలియదు. తర్వాత మూడు నెలలు ఆసుపత్రి చుట్టూ తిరిగి, కనపడిన ప్రతి డాక్టరునూ విసిగించి, దొరికింది చదివి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మాది హాలియా దగ్గర. సాగర్ ఎడమ కాల్వ కింద కాస్త మడి ఉంది. చిన్నాయన హైదరాబాద్ నుంచి బండి మీద తిరిగొస్తుంటే చిట్యాల దాటాక లారీ తగిలింది. ఇప్పుడది 65వ నంబరు జాతీయ రహదారి. మా ఊళ్లో మాత్రం ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డే. కుడికాలు చీలమండకు నాలుగు వేళ్ల పైన ఎముక విరిగి బయటికొచ్చింది. దాని మీది చర్మం అరచెయ్యంత మేర లేచిపోయింది. ఎముకల డాక్టర్లు పుండు కడిగి, చచ్చిన భాగం తీసేసి, కాలికి బయటి నుంచి రాడ్లు బిగించారు. ఎముక సంగతి చూశాక మిగిలింది ఆ గుంత. గుంతలో తెల్లగా ఎముక కనిపిస్తోంది.

చూడవచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మాట: "తొడ మీది తోలు తీసి అతికిస్తే అయిపాయె గదా, గింత పెద్ద ఆపరేషన్ ఎందుకు?" మంచి ప్రశ్నే. అసలు విషయమంతా దాని జవాబులోనే ఉంది.

తొడ నుంచి పల్చటి పొరగా చర్మం చెక్కి పుండు మీద పరవడాన్ని స్కిన్ గ్రాఫ్టింగ్ అంటారు. అది నారు పీకి నాటు వెయ్యడం లాంటిది. పీకిన నారుకు తనదంటూ నీటి దారి ఉండదు. దమ్ము చేసిన మడిలో గుచ్చితే ముందు ఆ బురద తేమతో నిలబడుతుంది, తర్వాత వేరు పట్టుకుంటుంది. గ్రాఫ్టు కూడా మొదటి 48 గంటలు కింది పుండులో ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. ఆ తర్వాత కింది సన్న రక్తనాళాల కొసలు దీని కొసలతో కలుస్తాయి. అయిదారు రోజులకు రక్తం పారడం కుదురుకుంటుంది. అంటే కింద బురద మడి ఉండాలి. ఎర్రటి కండో, దాని మీది పొరో, ఏదో ఒకటి రక్తం ఊరే నేల కావాలి. బండ మీద నాటు వేస్తే ఏమవుతుంది? పైపొర ఊడిపోయిన ఎముక బండే. పైపొర పోయిన స్నాయువూ, అంటే కండను ఎముకకు కట్టే తాడూ, బండే. విరిగిన ఎముకకు బిగించిన స్టీలు ప్లేటు సంగతి సరేసరి. వాటి మీద గ్రాఫ్టు పరిస్తే నాలుగు రోజుల్లో నల్లబడి ఊడి వస్తుంది.

మోకాలి కింద మీ కాలు ముందు భాగాన్ని ఒకసారి వేలితో తడిమి చూసుకోండి. చర్మం, వెంటనే ఎముక. మధ్యలో కండ లేదు. బండి మీద పడ్డవాళ్లకు ఎక్కువగా పగిలేది సరిగ్గా అక్కడే. హైవే పక్క ఊళ్లలో ఫ్లాప్ అవసరం ఇంత తరచుగా ఎందుకు వస్తుందో దీంతోనే తెలుస్తుంది.

ఫ్లాప్‌లో నారు ఒక్కటే రాదు. మడి మొత్తం వస్తుంది: పైరు, కింద మట్టి, దానికి నీళ్లిచ్చే తూము. చర్మం, దాని కింద కొవ్వు, అవసరమైతే కండ, ఒక్కోసారి ఎముక ముక్క, వీటన్నిటికీ రక్తం తెచ్చే ధమని, రక్తాన్ని తిరిగి తీసుకుపోయే సిర. నీళ్లు తనతోనే తెచ్చుకుంటుంది కాబట్టి కింద బండ ఉన్నా దానికి దిగులు లేదు. పైగా తన రక్తంతో కింది ఎముకకు బలమిస్తుంది, చీముతో పోరాడే కణాలను తెస్తుంది, మనం ఇచ్చే యాంటిబయాటిక్ మందును పుండు దాకా మోస్తుంది. దీన్ని అతుకు అనుకునేవాళ్లకు ఫ్లాప్ ఎప్పటికీ అర్థం కాదు. ఇది నీటిపారుదల పని. వందల రకాల ఫ్లాపులున్నాయి, ఒక్కోదానికి నోరు తిరగని పేరు. ఏది విన్నా అడగాల్సింది ఒకటే: దీనికి రక్తం ఎక్కడి నుంచి వస్తోంది?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండానే మనుషులు వందల ఏళ్లు ఫ్లాపులు వేశారు. సుశ్రుత సంహితలో తెగిన ముక్కును కట్టే పద్ధతి ఉంది. ఆకుతో కొలత తీసుకుని, బుగ్గ మీద అంత మేర చర్మాన్ని ఒక పక్క అంటుకుని ఉండేలా కోసి ముక్కు మీదికి తిప్పాలని అందులో చెప్పారు. నుదుటి చర్మంతో ముక్కు చేసింది సుశ్రుతుడే అని మన వాట్సాప్‌లలో తిరుగుతుంటుంది. సంహితలో ఉన్నది బుగ్గ. నుదుటి పద్ధతి మన దేశంలోనే వేరే చేతుల్లో పెరిగింది, దానికి గట్టి ఆధారం 1794 నాటిది.

నిజాం సైన్యం కూడా ఇంగ్లీషువాళ్ల పక్షాన దిగిన మూడో మైసూరు యుద్ధం నాటి సంగతి అది. కవాస్జీ అనే మరాఠా ఇంగ్లీషు సైన్యంలో ఎద్దుల బండి తోలేవాడు. టిప్పు సైన్యానికి చిక్కితే ముక్కు, ఒక చెయ్యి కోసేశారు. ఏడాది పైగా ముక్కు లేకుండానే గడిపాడు. తర్వాత పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక మనిషి అతనికి కొత్త ముక్కు కట్టాడు. ఈ సంగతంతా 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో ఉత్తరంగా అచ్చయింది. పల్చటి మైనపు రేకును ముక్కు ఆకారంలో చేసి, దాన్ని విప్పి నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీసి, ఆ మేర చర్మం లేపాడట. రెండు కళ్ల మధ్య సన్నటి పట్టీ మాత్రం కొయ్యకుండా వదిలాడు. లేపిన చర్మాన్ని ఆ పట్టీ మీద మెలితిప్పి ముక్కు మీదికి దించి, తాంబూలంలో వేసుకునే కాచును తడిపి గుడ్డ పేలికల మీద పూసి అంటించాడు. నాలుగు రోజుల తర్వాత కాచు తీసి నెయ్యిలో తడిపిన గుడ్డలు వేశాడు. ఇరవై అయిదో రోజు ప్రాంతంలో ఆ పట్టీని కోసేశాడు. ఆ పట్టీయే తూము. రెండు భాగాలు అతుక్కునే దాకా రక్తం పారేది దాని వల్లేనని ఉత్తరంలో స్పష్టంగా ఉంది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే లండన్ సర్జన్ 1814లో ఇదే ఆపరేషన్ చేసి, 1816లో పుస్తకం వేశాడు. పూనా మనిషి పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. పత్రికలో కవాస్జీ బొమ్మ వేశారు, చేసినవాడిని కులంతో సరిపెట్టారు.

ఇరవై అయిదు రోజుల లెక్క ఎక్కడిది? దీనికి మన పాలమూరులోనే మంచి బొమ్మ ఉంది. మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రికి పోయినవాళ్లు చూసే ఉంటారు, అసలు మాను ఏదో పోల్చుకోలేం. కొమ్మల నుంచి ఊడలు దిగాయి, ఊడలు నేలను తాకి మానులయ్యాయి. ఊడ ఇంకా గాల్లో ఉన్నప్పుడు కొమ్మకు ఆధారం తల్లి మానే. దాన్ని తెంపితే కొమ్మ ఎండుతుంది. ఊడ నేలలో దిగి వేరు తన్నాక ఆ కొమ్మకు సొంత బతుకు వస్తుంది. అప్పుడు తల్లితో తెగినా నిలుస్తుంది. కొత్త చోట కుట్టిన ఫ్లాప్‌లోకి కూడా చుట్టుపక్కల నుంచి సన్న నాళాలు రోజురోజుకూ పాకుతాయి. సుమారు మూడు వారాలకు అవి చాలినంత అవుతాయి. అప్పుడు పాత తూము కోసినా ఫ్లాప్ చావదు. ఆ మర్రికి 2018లో చెదలు పట్టి కొమ్మలు విరిగితే, ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఆ ఫొటోలు అప్పట్లో అందరి ఫోన్లలోనూ తిరిగాయి.

మూడు వారాల ఈ పద్ధతి మ్యూజియంలో పెట్టాల్సిందేమీ కాదు. పంట నూర్చే మిషన్‌లో చెయ్యి పడి, చేతి వెనక చర్మమంతా తొడుగులా ఊడినవాళ్లకు గజ్జ ఫ్లాప్ ఇప్పటికీ వేస్తున్నారు. గజ్జల దగ్గర ఒక ధమని చర్మం కిందనే పొడుగ్గా పోతుంది. దాని వెంబడి పట్టీలా చర్మం లేపి, దెబ్బ తిన్న చేతిని అక్కడికే తెచ్చి కుడతారు. మూడు వారాలు చెయ్యి నడుం పక్కనే అంటుకుని ఉంటుంది. బట్టలు కట్టుకోవాలన్నా, స్నానం చెయ్యాలన్నా ఇంకొకరు కావాలి. చిన్నాయన పక్క మంచంలో ఒకాయన ఇలాగే ఉండేవాడు. రాత్రి నిద్రలో చెయ్యి లాగేస్తానేమో అని పాపం సరిగా పడుకునేవాడు కాదు. దీన్ని 1972లో మెక్‌గ్రెగర్, జాక్సన్ అనే ఇద్దరు సర్జన్లు ప్రపంచానికి పరిచయం చేశారు. మైక్రోస్కోపు అక్కర్లేదు, పది గంటల ఆపరేషన్ అక్కర్లేదు. పాత పద్ధతి అని చిన్నచూపు చూడాల్సిన పని లేదని నా అభిప్రాయం. చెయ్యి నిలబడిందా లేదా అన్నదే లెక్క.

మొదటి ప్రపంచ యుద్ధంలో హెరాల్డ్ గిల్లీస్ అనే సర్జన్ ఇంకో చిక్కు విప్పాడు. లేపిన పట్టీ అడుగు భాగం పచ్చిగా గాలికి ఆరుతూ చీము పట్టేది. 1917లో ఆయన ఆ పట్టీ రెండు అంచులనూ దగ్గరికి తెచ్చి గొట్టంలా కుట్టేశాడు. పచ్చి భాగమంతా లోపలికి పోయింది. అదే కాలంలో ఒడెస్సాలో ఫిలాతోవ్ అనే కంటి డాక్టరు కూడా ఇదే ఆలోచన చేశాడు. ఆ గొట్టాలతో పొట్ట మీది చర్మాన్ని మణికట్టుకు, మణికట్టు నుంచి ముఖానికి, నెలల తరబడి మజిలీలు చేయించి తీసుకుపోయేవారు.

ఇంత చేసినా ఫ్లాపులు చచ్చేవి. ఎందుకంటే కింద కాల్వ ఎక్కడ పోతోందో చూడకుండా చర్మం లేపేవారు. అలాంటప్పుడు సర్జన్లకు పొడవు, వెడల్పుల లెక్కే ఆధారం. ముఖం మీద అయితే వెడల్పుకు మూడు నాలుగు రెట్ల పొడవు లేపినా బతుకుతుంది, అక్కడ రక్తం దండి. కాలి మీద వెడల్పెంతో పొడవూ అంతే, మించితే కొస నల్లబడుతుంది. వారబందీ పెట్టి వంతులవారీగా నీళ్లు వదిలినప్పుడు చివరి మడి రైతు పడే బాధే ఇది. తూము దగ్గరివాళ్లకు మోకాలి లోతు నీళ్లు, కొసకు వచ్చేసరికి పగుళ్లు.

చర్మానికి రక్తం తెచ్చే దారులను కార్ల్ మాన్షో అనే జర్మన్ 1889లోనే గీసిపెట్టాడు. సర్జన్లు దాన్ని పట్టించుకోవడానికి ఎనభై ఏళ్లు పట్టింది. తర్వాత 1987లో ఆస్ట్రేలియాలో టేలర్, పామర్ మొత్తం శరీరానికి ఆయకట్టు పటం లాంటిది తయారుచేశారు. ఒళ్లంతా సుమారు 40 ఆయకట్టులు, ఒక్కోదానికి ఒక్కో ధమని. అర మిల్లీమీటరు లావుకు తక్కువ కాకుండా చర్మంలోకి పొడుచుకొచ్చే పిల్ల కాల్వలు సగటున 374. పక్క పక్క ఆయకట్టుల మధ్య సన్నటి సందులుంటాయి. మామూలుగా వాటిలో పెద్దగా పారదు. ఒక వైపు నీళ్లు ఆగితే ఆ సందులే నెమ్మదిగా వెడల్పవుతాయి. అందుకే పెద్ద ఫ్లాప్ కావాలంటే కొన్నిసార్లు సర్జన్ ముందుగా సగమే కోసి, తిరిగి కుట్టేసి, రెండు వారాలాగి అప్పుడు పూర్తిగా లేపుతాడు. ఈలోగా సందులు తెరుచుకుంటాయి. మొదటిసారి కోసి ఏమీ చెయ్యకుండా కుట్టేశారని కొందరు గొడవ పెట్టుకుంటారు. ఆ ఏమీ చెయ్యని రెండు వారాల్లోనే సగం ఆపరేషన్ జరుగుతుంది.

ఇక చిన్నాయన కాలు. మోకాలి నుంచి చీలమండ దాకా సర్జన్లు మూడు వంతులుగా చూస్తారు. పై వంతులో గుంత పడితే పిక్కలోని పెద్ద కండను తిప్పి కప్పుతారు. నడి వంతుకు దాని కిందున్న ఇంకో కండ అందుతుంది. రెండింటికీ రక్తం పై నుంచి వస్తుంది కాబట్టి కింద విడదీసి తిప్పడం కుదురుతుంది. కింది వంతుకు వచ్చేసరికి కండలన్నీ సన్నబడి స్నాయువులైపోతాయి, తిప్పడానికి దగ్గర్లో ఏమీ మిగలదు. గుంత చిన్నదైతే పిక్క వెనక చర్మాన్ని తలకిందులుగా తిప్పే పద్ధతి ఒకటుంది. చిన్నాయనది కింది వంతు, పైగా గుంత పెద్దది. అందుకే ఫ్రీ ఫ్లాప్ అన్నారు.

ఫ్రీ అంటే ఉచితం కాదు, ఆ అపార్థం కూడా వార్డులో విన్నాను. పూర్తిగా విడదీసినది అని. తొడ ముందు వైపు, కొంచెం బయటికి, చర్మాన్ని దాని ధమనితో, సిరలతో సహా లేపి, ఆ నాళాలను పైన కోసేస్తారు. ఆ క్షణం నుంచి ఆ ముక్కకు రక్తం లేదు, గడియారం మొదలవుతుంది. కొన్ని గంటల్లోపు దాని నాళాలను కాలిలోని నాళాలతో కలపాలి. నాళం లావు రెండు మూడు మిల్లీమీటర్లు, ఒక్కోసారి ఒకటే. కుట్టే దారం మన వెంట్రుకలో సగం కూడా ఉండదు. టెన్-జీరో అనే నైలాన్ దారమైతే మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు కాస్త అటూఇటూ. మైక్రోస్కోపులో చూస్తూ ధమనికి ఎనిమిదో పదో కుట్లు, తర్వాత సిరకు. క్లిప్పు తీయగానే పాలిపోయిన ముక్క గులాబీ రంగుకు తిరుగుతుందట. ఆ క్షణం కోసమే ఈ పనిలోకి వచ్చానని ఒక జూనియర్ డాక్టరు నాతో అంది.

చర్మాన్ని ఇలా పూర్తిగా విడదీసి దూరంగా అతికే పని 1973లో మెల్‌బోర్న్‌లో డేనియల్, టేలర్ చేసి రాశారు. వాళ్లు కూడా గజ్జ చర్మాన్ని కాలి కింది భాగానికే మార్చారు. చిన్నాయనకు వేసిన తొడ ఫ్లాప్ చైనా సర్జన్లది, 1984లో వచ్చింది. మన డిశ్చార్జి కాగితాల్లో దాన్ని ఏఎల్‌టీ అని రాస్తారు.

ఎంత తొందరగా వెయ్యాలి? ఇక్కడ మార్కో గొడీనా పేరు చెప్పాలి. అప్పటి యుగోస్లావియాలో, ఇప్పటి స్లోవేనియాలో, ఆయన 532 మంది పేషెంట్ల లెక్కలు తీశాడు. దెబ్బ తగిలిన 72 గంటల్లో ఫ్లాప్ వేస్తే విఫలమైనవి నూటికి ఒకటి కూడా లేవు, 0.75 శాతం. మూడు రోజుల నుంచి మూడు నెలల మధ్య వేసినవాటిలో 12 శాతం పోయాయి. చీము పట్టడం 1.5 నుంచి 17.5 శాతానికి పెరిగింది. ఆ వ్యాసం 1986లో వచ్చింది, అదే ఏడాది ఆయన కారు ప్రమాదంలో చనిపోయాడు. ఈ రోజుల్లో పుండును శుభ్రం చేసి, గాలి లాగే మిషన్ పెట్టి కొన్ని రోజులు కాపాడే వీలుంది కాబట్టి 72 గంటలను గీత గీసినట్టు పట్టుకోవడం లేదు. తొందరగా కప్పడం మేలు అన్న మాట మాత్రం మారలేదు. మా దగ్గర ఏమైందంటే, మొదట చేర్చిన చోట పదకొండు రోజులు రోజూ కట్టు మార్చుతూ "ఎర్ర కండ వస్తది, చూద్దాం" అంటూ గడిపారు. ఎముక మీద ఎర్ర కండ రాలేదు, చీము వచ్చింది. ఎముక కనిపిస్తున్న పుండును వారాల తరబడి కట్టు మార్చుతూ చూస్తుంటే, ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించాలా అని మీరే అడగండి. ప్లాస్టిక్ సర్జరీ అనగానే సినిమా తారల ముక్కులు గుర్తొస్తాయి గానీ, ఉస్మానియాలోనూ నిమ్స్‌లోనూ ఆ విభాగం ముందు కూర్చునేవాళ్లలో ఎక్కువమంది మనలాంటివాళ్లే.

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు మూడు రాత్రులు అసలు పరీక్ష. గంట గంటకూ నర్సమ్మ టార్చి లైటుతో వచ్చేది. ఫ్లాప్ రంగు చూసేది, వేలితో నొక్కి వదిలేది. నొక్కిన చోట తెల్లబడి రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. రక్తం పారే చప్పుడు వినిపించే డాప్లర్ అనే చిన్న పెన్సిల్ లాంటి పరికరం ఆనిస్తే బుస్ బుస్ మని శబ్దం రావాలి. అనుమానం వస్తే సూదితో గుచ్చేవారు, ఎర్రటి చుక్క నెమ్మదిగా ఊరితే బాగున్నట్టు.

చెడు రెండు రకాలుగా వస్తుంది. ధమని మూసుకుంటే కాల్వ కట్టేసినట్టే: ఫ్లాప్ తెల్లగా, చల్లగా, ముడతలు పడుతుంది, గుచ్చినా రక్తం రాదు. సిర మూసుకుంటే మురుగు కాల్వ పూడినట్టు: నీళ్లు వస్తూనే ఉంటాయి, పోయే దారి లేదు. ఫ్లాప్ ఉబ్బి ఊదా రంగుకు తిరుగుతుంది, నొక్కితే రంగు చటుక్కున తిరిగొస్తుంది, గుచ్చితే నల్లటి రక్తం గబగబా కారుతుంది. నీళ్లు నిలిచి నారు కుళ్లడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎక్కువ ఫ్లాపులు పోయేది ఈ రెండో దారిలోనే. ఏదైనా వెంటనే కనిపెట్టి తిరిగి థియేటర్‌కు తీసుకుపోతే చాలావరకు కాపాడవచ్చు, ఆలస్యమైతే లేదు. అనుభవమున్న చోట ఫ్రీ ఫ్లాపులు నూటికి తొంభై అయిదు దాకా బతుకుతాయి. ఆ లెక్క వెనక టార్చి పట్టుకుని రాత్రంతా తిరిగే నర్సులున్నారు.

చిన్నాయనకు రెండో రాత్రి అంచు ఊదాగా మారింది. కట్టు బిగుసుకుపోయి సిరను నొక్కుతోందని తేలింది, వదులు చేయగానే సర్దుకుంది. అలా సర్దుకోకపోతే, తిరిగి కుట్టడానికీ సిర దొరకకపోతే, జలగలను పెట్టే పద్ధతి ఒకటి ఉందని అప్పుడే తెలిసింది. నాటుకట్టు మాట కాదు. అమెరికా ప్రభుత్వం 2004లో జలగలను వైద్య పరికరంగా అనుమతించింది. జలగ నిలిచిన రక్తాన్ని తాగుతుంది, దాని ఉమ్మిలోని, రక్తాన్ని గడ్డకట్టనివ్వని హిరుడిన్ వల్ల అది వదిలేశాక కూడా గంటల తరబడి రక్తం కారుతూ ఉంటుంది. ఈలోగా కొత్త సిరలు మొలుస్తాయి. అయితే దాని కడుపులో ఉండే బ్యాక్టీరియా పుండుకు ఎక్కకుండా యాంటిబయాటిక్ ఇవ్వాల్సిందే. "మన చెరువుల బోలెడున్నయి, తెమ్మంటవా?" అన్నాడు చిన్నాయన. వద్దన్నాను.

బీడీ గురించి మాత్రం డాక్టరు గట్టిగానే కోప్పడ్డాడు. నికోటిన్ సన్న నాళాలను ముడుచుకునేలా చేస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. ముందే తేదీ పెట్టుకునే ఆపరేషన్లకైతే నాలుగు వారాల ముందు మానాలంటారు. యాక్సిడెంట్ ముందుగా చెప్పి రాదు కదా, కనీసం ఆ రోజు నుంచి తాకకూడదు. చూడవచ్చిన దోస్తులు వరండాలోకి తీసుకుపోయి ఒకటి వెలిగించి ఇవ్వడం నేను కళ్లారా చూశాను. పది గంటలు కుట్టిన పనిని అరగంట ముచ్చట కోసం పణం పెట్టడమే అది.

అదే వార్డులో పొగాకుతోనే ఇంకో రకంగా వచ్చినవాళ్లు ఉన్నారు. గుట్కా, జర్దా బుగ్గన పెట్టుకుని బుగ్గ క్యాన్సర్ తెచ్చుకున్నవాళ్లు. గడ్డ తీసేశాక బుగ్గకు ఆరపార రంధ్రం మిగులుతుంది. దాన్ని మూయడానికి మన దేశంలో ఎక్కువగా వాడేది రొమ్ము కండ ఫ్లాప్, 1979లో ఏరియన్ అనే ఆయన చెప్పినది. ఛాతీ మీది కండను చర్మంతో సహా లేపి, మెడ చర్మం కింద సొరంగం చేసి నోట్లోకి తెస్తారు. ధమని తెగదు, కాలర్ బోన్ కిందనే తిరుగుతుంది. తొందరగా అవుతుంది, నమ్మకమైనది. మగవాళ్లకు ఒక చిక్కు: ఛాతీ చర్మం నోట్లోకి వచ్చాక కూడా వెంట్రుకలు మొలిపిస్తుంది. రేడియేషన్ తర్వాత చాలావరకు రాలిపోతాయి. దవడ ఎముక కూడా తీసేయాల్సి వస్తే, కాలిలోని రెండు ఎముకల్లో సన్నదాన్ని దాని ధమనితో సహా తీసి, ముక్కలుగా కోసి, వంపు తెచ్చి దవడ చేస్తారు. 1989 నుంచి ఉన్న పద్ధతి. బరువు మోసేది పెద్ద ఎముక కాబట్టి ఆ తర్వాత కూడా నడవగలరు.

చిన్న ఫ్లాపులూ ఉన్నాయి. చలిమంట దగ్గరో, పొయ్యి దగ్గరో కాలిన పిల్లలకు మెడ, మోచెయ్యి దగ్గర మచ్చ తాడులా బిగుస్తుంది. ఆ తాడు మీద ఇంగ్లీషు జెడ్ అక్షరంలా కోసి రెండు త్రికోణాలను ఒకదాని చోట ఒకటి మారుస్తారు. 60 డిగ్రీల కోణంలో కోస్తే ఆ గీత లెక్క ప్రకారం 75 శాతం పొడుగవుతుంది. కొత్త చర్మం అవసరం లేదు, పక్కన వదులుగా ఉన్నదాన్ని సర్దడమే. వేలి కొస తెగితే అరచేతి వైపు చర్మాన్ని వి ఆకారంలో కోసి పైకి జరిపి వై ఆకారంలో కుట్టడమూ ఇలాంటిదే.

ఖర్చు విషయానికి వస్తే, 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి 10 లక్షల దాకా పరిమితి ఉంది. మీకు చెప్పిన ఆపరేషన్ ఆ జాబితాలో ఉందో లేదో ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడగాలి. మేము మూడో వారం అడిగాం.

ఆపరేషన్ అయి ఏడాది దాటింది. చిన్నాయన నడుస్తున్నాడు, కాస్త కుంటి ఉంది. ఎముక అతికింది, చీము లేదు. చీలమండ పైన తొడ చర్మం ఒక దిండులా ఎత్తుగా ఉంది, దాని మీద తొడ వెంట్రుకలే మొలుస్తున్నాయి. నాళాలు కలిపారు గానీ స్పర్శ తెలిపే నరం కలపలేదు కాబట్టి అక్కడ ఈగ వాలినా తెలియదు. పొలంలో ముల్లు గుచ్చుకున్నా తెలియదని, రోజూ రాత్రి చిన్నమ్మ లైటు వేసి చూస్తుంది. తొడ మీద తీసిన చోట జానెడు పొడుగు గీత మిగిలింది. కొవ్వు తీసి దిండును పల్చబరిచే చిన్న ఆపరేషన్ ఒకటి మిగిలి ఉందని, బూటు పట్టాలంటే అది చేయించుకోవాలని డాక్టరు చెప్పాడు.

"బూటెవడు తొడుగుతడు బిడ్డా మడిల" అన్నాడు చిన్నాయన. "కాల్వకు నీళ్లొదులుతరట. నాట్లైనంక చూద్దాం తియ్యి."